రాయికి లైనేంది?

మొన్న పొద్దున నాలుగున్నరకే మా మండల కేంద్రంలో ఎరువుల దుకాణం ముందు నూటికి పైగా జతల చెప్పులు డ్యూటీ ఎక్కాయి. వాటి యజమానులు టీ కొట్టు దగ్గర ఉన్నారు. హవాయి చెప్పులు, పట్టీ తెగితే పిన్నీసు పెట్టినవి, ఒంటరిగా ఒక ఎడమ చెప్పు. దాని కుడి జోడీ సొసైటీ లైన్లో ఉందట. ముందుచూపంటే అదీ.

ఆ లైన్లో పదిహేడో స్థానంలో ఒక రాయి ఉంది. దాని కింద ఆధార్ జిరాక్స్. గొడవంతా దాని మీదే.

"రాయికి లైనేంది తాతా? చెల్లది."

"చెప్పులు తెగినయ్ బిడ్డా. రాయి పెట్టిన."

"చెప్పులే పెట్టాలె."

"చెప్పుకేమన్న పాసుబుక్కున్నదా?"

ఈ ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. అరగంట పంచాయితీ నడిచింది. నేను రాయి పక్షం. సీనియారిటీ లెక్కన చూసినా ఆ లైన్లో దాన్ని మించినవాళ్లు లేరు. మా గుట్టల గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. టోకెన్ నంబర్ ఒకటి దానికే రావాలి.

పైగా అందరూ దేని కోసం నిలబడ్డారు? యూరియా బస్తా కోసం. 45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల చిల్లర. ఒక ఎకరం నేల మీద నిలబడి ఉన్న గాలిలో నత్రజని 30,000 టన్నుల పైమాటే. అంత నత్రజని నెత్తిన పెట్టుకుని, 20 కిలోల కోసం చెప్పులు విడిచి నిలబడటం మన ప్రత్యేకత. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు పెట్టే పని పెసర, కంది వేళ్ల బుడిపెల్లోని బ్యాక్టీరియా చేస్తుంది. టోకెన్ లేదు, ఓటీపీ లేదు. అంత తేలిగ్గా అయ్యే పనికి మన దగ్గర గౌరవం ఎక్కడిది?

ఎనిమిదిన్నరకు షట్టర్ లేచింది. సేటు మొదటి మాట: "రెండు యూరియాకు ఒక పొటాష్. లింకు."

లింకు! ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కావాల్సిన ఎరువు బస్తా ఇవ్వడానికి అక్కర్లేనిది అంటగట్టడాన్ని మర్యాదగా అలా అంటారు. అయినా పొటాష్‌కు అసలు లింకు ఎవరితోనో సేటుకు తెలియదు. పదిహేడో స్థానంలో కూర్చున్న రాయితో.

ఆ రాయిలో గులాబీ రంగు పలుకులు ఉన్నాయి చూడండి, పొటాష్ ఎరువులో ఉండే పొటాషియం అందులోనే ఉంది. వాన చినుకు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలచని ఆమ్లమవుతుంది. సోడాలో నాలుకను గిల్లేది అదే. అది వేల ఏళ్లు రాతిని కొరికితే పొటాషియం, కాల్షియం ఊడి వస్తాయి, మిగిలింది మట్టి. మన చెల్క నేలలన్నీ అలా పుట్టినవే. ఊడినవి వాగు పట్టుకుని చెరువుకు, మత్తడి దూకి గోదావరికి, అక్కణ్నుంచి బంగాళాఖాతానికి పోతాయి. కాల్షియం గుల్లల్లో చేరి కోట్ల ఏళ్లకు సున్నపురాయి అవుతుంది. ఎక్కడైనా సముద్రమే ఎండిపోతే అడుగున పొటాష్ ఉప్పు మేట వేస్తుంది. కెనడాలో దాదాపు 38 కోట్ల ఏళ్ల కింద అలా ఎండిన సముద్రాన్నే ఇప్పుడు తవ్వి, ఓడెక్కించి మనకు పంపుతున్నారు. సేటు లింకు పెట్టిన ఎర్ర బస్తా అలాంటిదే.

అప్పుడే హారన్ మోగింది. గ్రానైటు లారీ. పైన ఒకే ఒక్క బండ, దాని మీద తెల్ల పెయింటుతో నంబరు. రోడ్డు ఇరుకు. నూరు జతల చెప్పులను గబగబా పక్కకు తీశారు, తాత రాయిని కూడా. 20 టన్నుల బండలో నూటికి నాలుగు పాళ్లు పొటాష్ వేసుకున్నా 26 బస్తాల సరుకు. అది రైలెక్కి కాకినాడ రేవుకు, అటు నుంచి చైనాకు, ఎవరి ఇంటి మెట్లకో. అదే రేవులో పొటాష్ దిగుతుంది. ఎదురుపడితే ఒకదాన్నొకటి పలకరించుకుంటాయేమో, దూరపు చుట్టాలు కదా. బండను పొలంలో వేస్తే ఈ పంట కారుకే పండుతుందని నేననను, రాయి అంత తొందరగా ఇవ్వదు. కానీ ఇచ్చేదాన్ని కోసి అమ్ముకుని, ఇవ్వమని ఎవరినో అడుక్కోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

పోయిన నెల రైతు సదస్సులో ఒక పెద్దసారు మైకులో అన్నాడు: "మీరే భూమి సారమంతా పీల్చేశారు."

మేమా? ఎండాకాలం వస్తే మా తాత బండి కట్టుకుని చెరువులోకి దిగేవాడు. వానకు కొట్టుకుపోయిన చెల్కను తట్టలకెత్తి తెచ్చి మళ్లీ చెల్కలోనే పోసేవాడు. సముద్రం పాలు కావాల్సిన సారాన్ని సగం దారిలో ఆపి వెనక్కి తెచ్చాడు. పాఖాల, రామప్ప చెరువులు కట్టించినవాళ్లకు రసాయనశాస్త్రం రాదు, పారేదాన్ని ఆపాలని తెలుసు. 2015లో మిషన్ కాకతీయలో పూడిక తీసినప్పుడు కూడా ఆ మట్టిని ట్రాక్టర్ల మీద తోలుకున్నది రైతులే. మరి ఇప్పుడా చెరువేదీ? శిఖంలో ప్లాట్ల రాళ్లు పాతారు. నల్లమట్టి ఇటుక బట్టీలో కాలిపోయింది. గుట్ట లారీ ఎక్కింది. అన్నీ మింగినవాళ్లు వేదిక మీద శాలువాలు కప్పించుకుంటే, చెప్పులు లేని ముసలాయన సారం పీల్చినవాడయ్యాడు! మైకు పట్టుకునే ముందు సిగ్గుపడటం కూడా నేర్పాలి.

పదకొండింటికి రాయి వంతు వచ్చింది.

"పాసుబుక్కు?"

"కౌలు చేస్త సారు. పట్టా పటేలు కొడుకు పేరు మీదున్నది. పట్నంల ఉంటడు."

"ఆయన్ని రమ్మను."

తాత వంగి జిరాక్స్ దులుపుకుని జేబులో పెట్టుకున్నాడు. రాయిని తీసుకెళ్లలేదు. వెనకాల వచ్చిన పిల్లగాడు దాన్ని కాలితో రెండడుగులు ముందుకు జరిపి, తన జిరాక్స్ దాని కింద పెట్టి టీ తాగడానికి పోయాడు.