మూత్రం ఆపుకోలేని వారికి కరపత్రం ఇస్తే సరిపోతుందా?

దగ్గినా తుమ్మినా రెండు చుక్కలు పడిపోతుంటే ఎవరితో చెప్పుకుంటారు? చాలామంది ఎవరితోనూ చెప్పుకోరు. వయసు మీద పడితే ఇంతేలే అని సరిపెట్టుకుంటారు. బయటికి వెళ్లాల్సిన రోజు నీళ్లు తాగడమే మానేస్తారు. దాంతో మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది. మలబద్ధకం తోడైతే ఆ ఒత్తిడీ మూత్రాశయం మీదే పడుతుంది. రోగి తనంతట తాను ఇదంతా చెప్పడు. కాబట్టి నర్సే ముందుగా, మామూలు ప్రశ్నలాగా అడగాలి.

నర్సు నేర్పే విషయాలను మందుచీటీ తర్వాత చెప్పే జాగ్రత్తలుగా చూడటం నాకు బాధ కలిగిస్తుంది. ఇక్కడ నేర్పడమే మొదటి చికిత్స. దగ్గితే మూత్రం పడే స్త్రీలకు కనీసం 3 నెలలు పర్యవేక్షణలో పెల్విక్ ఫ్లోర్ (మూత్రాశయాన్ని కింది నుంచి మోసే కండరాల) వ్యాయామం చేయించాలని, చికిత్స ఎలా ఉండాలో సూచించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు 3 సార్లు, ప్రతిసారీ కనీసం 8 బిగింపులు. ఆ సూచనలో అసలైన మాట ‘పర్యవేక్షణ’. మన దృష్టి మాత్రం అంకెల మీదే ఉంటుంది.

చేతికి కరపత్రం ఇచ్చి ‘కండరాలు బిగించండి’ అని నోటితో చెబితే కొందరు పొట్ట బిగిస్తారు, కొందరు ఊపిరి బిగబడతారు. ఇంకొందరైతే కిందికి ముక్కుతారు, అంటే సరిగ్గా వ్యతిరేకం. 1948లో ఈ వ్యాయామాలకు ప్రచారం తెచ్చిన డాక్టర్ ఆర్నాల్డ్ కెగెల్, బిగింపు ఎంత గట్టిగా ఉందో రోగికే కనిపించేలా ఒక కొలత పరికరం కూడా వాడారు. కెగెల్ పేరు కరపత్రాల్లో మిగిలింది, ఆ సరిచూసే పని మాత్రం జారిపోయింది. రోగి అనుమతితో కండరం సరిగ్గా బిగుస్తోందో లేదో పరీక్షించి చెప్పగల నర్సు ప్రతి క్లినిక్‌లో ఉండాలి. మూత్రం మధ్యలో ఆపడాన్ని రోజువారీ వ్యాయామంగా చేయకూడదని కూడా చెప్పాలి.

అందరికీ ఒకే పాఠం సరిపోదు. ఉన్నట్టుండి ఆపుకోలేనంత తొందర వచ్చేవారికి మూత్ర విసర్జనల మధ్య విరామం కొద్దికొద్దిగా పెంచే శిక్షణ కావాలి, అదీ కనీసం 6 వారాలు. కీళ్ల నొప్పులతో బాత్రూమ్ దాకా నడవలేక తడిపేసుకునేవారికి కావాల్సింది తేలిగ్గా విప్పుకునే బట్టలు, దగ్గర్లో కమోడ్. ఎవరిది ఏ రకమో తేల్చడానికి 3 రోజుల డైరీ చాలా పనికొస్తుంది: ఎప్పుడు ఏం తాగారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎప్పుడు లీకైంది. మూత్రంలో రక్తం కనిపించినా, కాళ్లలో బలం తగ్గుతూ అదుపు పోయినా డైరీతో ఆగకుండా వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

చాలామంది రెండు మూడు వారాలకే ‘లాభం లేదు’ అని వ్యాయామం వదిలేస్తారు. కండరం బలపడేది అంతకంటే చాలా ఆలస్యంగా. కాబట్టి నర్సు ఫోన్ చేయాల్సింది సరిగ్గా ఆ మూడో వారంలోనే. ఆ ఫోన్‌కు పట్టే సమయాన్ని కూడా ఆసుపత్రులు డ్యూటీలో భాగంగా లెక్కించాలి.