అట్ట మీద పేరు గారికి ఒక లేఖ

అయ్యా పేరు గారూ,

ఎలా ఉన్నారని అడగను, మీకేం, పుస్తకం పేరు కన్నా పెద్ద అక్షరాల్లో దర్జాగా ఉంటారు. లోపల రాసినోళ్ల సంగతి చెప్దామనే ఈ ఉత్తరం.

మొన్న మా వార్డు లీడర్‌కి మీటింగ్ కోసం రెండు పేజీలు రాసిచ్చా, అందులో చీమల బారు మీద ఒక ముక్క ఉంది, రాత్రి ఒంటిగంట దాకా రాసి కొట్టేసి, మళ్లీ రాసి తయారుచేశాను. మర్నాడు టీ బండి దగ్గర భుజం మీద చెయ్యేసి "నిన్న నా స్పీచ్ విన్నావా తమ్ముడూ, ఆ చీమల ముక్క అప్పటికప్పుడు తట్టింది" అన్నాడు, నాకే! సూపరన్నా అన్నాను, ఇంకేమంటాం.

టెడ్ సోరెన్‌సెన్‌తో పోలిస్తే నాదో లెక్కా. అమెరికాలో నెబ్రాస్కా నుంచి వచ్చిన కుర్ర లాయరు, 1953లో 24 ఏళ్లకే, తర్వాత అమెరికా అధ్యక్షుడైన సెనేటర్ జాన్ కెనడీ దగ్గర చేరాడు. ధైర్యంగా నిలబడ్డ ఎనిమిది మంది సెనేటర్ల మీద 1956లో 'ప్రొఫైల్స్ ఇన్ కరేజ్' వస్తే అట్ట మీద కెనడీ, మరుసటేడు పులిట్జర్ బహుమతి కూడా కెనడీకే, మనోడికి ముందుమాటలో రీసెర్చ్ అసోసియేట్ అని ఓ థాంక్స్, శుభలేఖలో అడుగున "బంధుమిత్రుల అభినందనలతో" లాగా. 1957 డిసెంబరులో డ్రూ పియర్సన్ అనే జర్నలిస్టు ఇది వేరేవాళ్లు రాసిపెట్టిన పుస్తకమని టీవీలో అనేసరికి లాయర్లు దిగారు, ఛానల్ తప్పయిందంది, సోరెన్‌సెన్ అయితే రచయితని నేను కాదు మహాప్రభో అని ప్రమాణం చేసి సంతకం పెట్టాడు. ధైర్యం మీద పుస్తకం అండీ అది!

1961 ప్రమాణస్వీకారంలో కెనడీ "దేశం నీకేం చేస్తుందని అడక్కు" అన్నాడు కదా, ఆ లైన్ నీదేనా అంటే సోరెన్‌సెన్ జవాబు కూడా అదే, "అడక్కు" అని. చివరికి 2008లో, చూపు చాలావరకు పోయాక, చాలా చాప్టర్లకి మొదటి డ్రాఫ్టు నాదేనని ఆత్మకథ 'కౌన్సెలర్'లో ఒప్పుకున్నాడు. దానికి సాయం చేసిన కుర్రాడు ఆడం ఫ్రాంకెల్, తర్వాత ఒబామాకి స్పీచులు రాశాడు. మరి 'కౌన్సెలర్' అట్ట మీద? సోరెన్‌సెన్ ఒక్కడే. మీరు మారరు సార్.

ఉంటా మరి, ఆగస్టు 15కి మళ్లీ కాగితం అడిగాడు మావాడు, ఈసారి చీమలొద్దు, తేనెటీగలు తట్టాలంట ఆయనకి.

ఇట్లు,
టీ బండి దగ్గర సూపరన్నవాడు