వర్చువల్ ప్రేక్షకులకు మోకాళ్ల మనవి

మహారాజశ్రీ హెడ్‌సెట్‌లోని ప్రేక్షక మహాశయులకు,

ఉభయకుశలోపరి. మీకు ఒళ్లే లేదు కాబట్టి మీ కుశలం అడగను. నా ఒంటి సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

చిన్నప్పుడు బళ్లో నాతో గుంజీళ్లు తీయిస్తే క్లాసంతా నవ్వేది. నలభై ఆరేళ్లకు కళ్లకు వీఆర్ హెడ్‌సెట్ (ఎదురుగా బొమ్మల లోకం చూపించే పెట్టె) తగిలించుకుని, వ్యాయామం ఆటలో అవే గుంజీళ్లు తీస్తుంటే మీరు స్టేడియం నిండా కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. మనిషిని కదా, పొంగిపోయాను. ఇరవైతో ఆపాల్సినవాణ్ణి, మూడో వరసలో ఎర్ర చొక్కా ఆయన లేచి నిలబడ్డాడని నలభై తీశాను. తీరా చూస్తే ఆరో వరసలోనూ ఆయనే, పదో వరసలోనూ ఆయనే. మర్నాడు ఆఫీసు మెట్లు రెయిలింగ్ పట్టుకుని పక్కవాటుగా దిగాను.

మిమ్మల్ని అని లాభం లేదు. సైకిల్ పందెగాళ్లు ఒంటరిగా తొక్కేటప్పటికంటే పక్కన ఇంకొకరుంటే జోరు పెంచుతారని అమెరికాలో నార్మన్ ట్రిప్లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1898లోనే రాశాడు. 1969లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ జయాన్స్ బృందమైతే బొద్దింకల పరుగు చూడ్డానికి బొద్దింకలనే ప్రేక్షకులుగా పెట్టింది. (నిజమండీ, పక్కన పెట్టెల్లో కూర్చోబెట్టి మరీ.) చూసేవాళ్లుంటే అవి తిన్నని దారిలో ఇంకా వేగంగా ఉరికాయి, మలుపున్న దారిలో తడబడ్డాయి. వచ్చిన పనికి జనం ఊపు, రాని పనికి జనం టెన్షన్.

నాదీ అదే కథ. గుంజీళ్లలో వీరుణ్ణే. కొత్తగా బాక్సింగ్ మొదలుపెట్టిన రోజున మీ హోరులో కుడి ఏదో ఎడమ ఏదో తెలియక టీవీ స్టాండును గుద్దాను. దానికీ చప్పట్లు కొట్టారు చూడండి, అప్పుడొచ్చింది నాకు అనుమానం.

మా ఇంట్లో అసలు ప్రేక్షకురాలు మా అమ్మ. ఆవిడ చప్పట్లు కొట్టదు. "గాల్లో ఎవర్ని కొడుతున్నావురా?" అని అడిగి, పూలకుండీ పక్కకు జరుపుతుంది.

రోషం వచ్చి సెట్టింగ్స్‌లోకి వెళ్లి మిమ్మల్ని తీసేశాను. ఖాళీ స్టేడియంలో పదకొండో గుంజీకే దాహం వేసింది. సిగ్గు విడిచి మళ్లీ పిలిచాను.

కనుక నా మనవి ఇంతే. కొత్త లెవెల్ అయితే కాసేపు మొహాలు పక్కకు తిప్పుకోండి. ఇరవై దాటగానే ఒక్కరైనా ఆవులించండి, ఎర్ర చొక్కా ఆయనైనా సరే.

నిన్న రాత్రి వంటింట్లో లైటు వేస్తే ఓ బొద్దింక గట్టు మీద తిన్నగా పరుగు తీసింది. చెప్పు చేతిలోకి తీసుకుని, మళ్లీ కాలికే తొడుక్కున్నాను.

ఇట్లు,
మీ నలభై గుంజీళ్లవాడు