ఫ్రీజర్లో పెట్టిన కూర చివరికి ఎవరు తింటున్నారు?

ఎవరింట్లోనైనా ఫ్రీజర్ తలుపు తీసి చూడండి. మంచు పట్టిన డబ్బాలు నాలుగు, ముడేసిన కవర్లు రెండు మూడు కనపడతాయి. వాటిలో ఏముందో, ఎప్పుడు పెట్టారో ఇంట్లో ఎవర్నడిగినా తెలీదంటారు. చుట్టాలొచ్చినప్పుడు తెచ్చిన రొయ్యల్లో మిగిలిన పావుకిలో, సగం వాడిన కొబ్బరి, ఎప్పటిదో పప్పు. కొన్నాళ్ళకి చోటు కావాల్సొచ్చి ఇంటావిడ అవన్నీ బయటికి తీస్తుంది. పారెయ్యడానికి చేతులు రాక తనొక్కతే వేడిచేసుకుని తింటుంది. మిగతావాళ్ళకి మాత్రం పొయ్యిమీంచి దించిన కొత్త కూర.

ఈ పద్ధతి మీద నాకు ఒళ్ళు మండుతుంది. మిగిలింది ఇంటిల్లిపాదికీ మిగిలింది, తింటే అందరూ తినాలి. అందరూ ఇష్టంగా తినాలంటే అది నిన్నటి కూరలా కాకుండా ఇవాళ్టి వంటలా కంచంలోకి రావాలి. మన గోదావరి లంకల్లో, కోనసీమలో, డెల్టా ఊళ్ళన్నిట్లో ఆ వంటలకి కొదవలేదు. కాకపోతే దేన్ని దేనికి వాడాలో పెట్టేరోజే అనుకోవాలి. డబ్బా మీద తేదీ ఒక్కటే రాస్తే లాభం లేదు. కాగితం టేపు ముక్క అంటించి, తేదీ పక్కనే వంట పేరు కూడా రాయండి: "రొయ్య తలలు, గోంగూరలోకి", "అన్నం, వడియాలకి". పేరు రాయబుద్ధి కాకపోతే అది మీరు వండరనే అర్థం, అప్పుడు ఫ్రీజర్లో పెట్టకుండా ఆ పూటే ఎవరికైనా ఇచ్చెయ్యండి.

ముందు రొయ్య తలల గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ప్రాంతంలో జరిగే వృథాలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. చుట్టూ చెరువులే. కిలో రొయ్యలు ఒలిస్తే తలలు, పొట్టు కలిపి నాలుగైదు వందల గ్రాములు పోతుంది. అంటే డబ్బిచ్చి కొన్నదాంట్లో ఇంచుమించు సగం కాలవలోకి వెళ్తోంది. రుచంతా ఆ తలలోనే ఉంటుంది. ఒలిచిన వెంటనే తలల్ని విడిగా తీసి, కళ్ళు, ముందున్న ముల్లు కత్తెరతో కత్తిరించి, ఒక్కసారి కడిగి, నీరు బాగా ఓడ్చి అదే రోజు ఫ్రీజర్లో పెట్టాలి. తలతో కలిపి అలాగే ఉంచితే తలలోని జీర్ణరసాలు కండలోకి దిగి రొయ్య మెత్తగా పిండిలా అయిపోతుంది. చాలామంది "రొయ్యలు బాగోలేవు, అమ్మినవాడు మోసం చేశాడు" అనుకునేది చాలాసార్లు దీనివల్లే.

వాడే రోజు మందపాటి మూకుట్లో రెండు చెంచాల నూనె వేసి, తలల్ని ఆరేడు నిమిషాలు వేయించాలి. నీచువాసన పోయి, ఎర్రబడి, నూనె నారింజరంగులోకి తిరిగే దాకా ఆగండి. ఆ రంగే రుచి, ఈ దశలో తొందరపడితే నీచు అలాగే ఉండిపోతుంది. అప్పుడు లీటరు నీళ్ళు, చిన్న ఉల్లిపాయ, చిటికెడు పసుపు, దంచిన అల్లం ముక్క వేసి ఇరవై నిమిషాలు సన్నసెగన మరగనివ్వండి. గరిటెతో తలల్ని నొక్కుతూ ఉండాలి. ఇరవై దాటి అరగంటకి పోతే పొట్టు చేదు దిగుతుంది, రసం సుద్దగా తయారవుతుంది. ఉప్పు మాత్రం వెయ్యకండి, తర్వాత ఇగిరినప్పుడు కటికుప్పు అయిపోతుంది. గట్టిగా వడకడితే ముప్పావు లీటరు దాకా వస్తుంది. గోంగూరలోనో, ఆనపకాయ కూరలోనో, వంకాయ పులుసులోనో నీళ్ళకి బదులు ఇది పోస్తే కూరలో ఒక్క రొయ్య లేకపోయినా రొయ్యల కూర తిన్నట్టే ఉంటుంది. తలలు రెండు నెలల్లోపే వాడెయ్యండి. ఫ్రీజర్లో చెడకపోవచ్చు గానీ వాటిలోని కొవ్వు ముక్కిపోతుంది. కవరు విప్పగానే ఘాటైన వాసన ముక్కుకి కొడితే మాత్రం ఆలోచించకుండా పారెయ్యాలి.

ఇక అన్నం. వరి పండే నేల మీద అన్నం పారెయ్యడం చూడలేకపోతున్నాం అని అందరూ అంటారు, ఆ అన్నాన్ని ఫ్రిజ్‌లో మూడ్రోజులు పెట్టి గట్టిపడ్డాక పారేస్తారు. అన్నం గట్టిపడటం కింది అరలోనే చాలా వేగంగా జరుగుతుంది, అక్కడుండే ఆ సున్నా నుంచి ఐదు డిగ్రీల చల్లదనమే దానికి కారణం. నేరుగా ఫ్రీజర్లోకి పంపితే అంత గట్టిపడదు. వెడల్పు పళ్ళెంలో పల్చగా ఆరబోసి, ఆవిరి పోగానే ఒక పూటకి సరిపడా పొట్లాలుగా కట్టి పెట్టండి. కరిగిన అన్నం మెతుకు మెతుకు విడివిడిగా ఉంటుంది, అందుకే పులిహోరకి, పోపు అన్నానికి ఇది అప్పుడు వండినదానికన్నా బాగా కుదురుతుంది. పులిహోర చేస్తే మాత్రం చింతపండు గుజ్జు కొంచెం ఎక్కువే వెయ్యాలి, ఈ అన్నం పులుపు త్వరగా పట్టదు.

ఎక్కువ పోగైతే వడియాలు. రెండు కప్పుల అన్నానికి మూడు పచ్చిమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, అర చెంచా ఉప్పు, పావు కప్పు నీళ్ళు పోసి బరకగా రుబ్బుకోండి. మెత్తగా రుబ్బితే జిగురొచ్చి వేగినప్పుడు పొంగదు. ఉప్పు తక్కువైందేమో అనిపిస్తుంది, ఆగండి. ఎండి సగానికి పైగా కుంచించుకుపోయాక ఉప్పు తేలుతుంది, చప్పగా ఉంది కదాని పెంచితే తినలేరు. తడిగుడ్డ మీద చిన్న చిన్నవిగా పెట్టి, మొదటి రోజు సాయంత్రం గుడ్డ వెనక్కి తిప్పి నీళ్ళు చిలకరించి ఊడదీసి, రెండో రోజు తిరగేసి ఎండబెట్టాలి. విరిస్తే టప్ మనాలి. వంగితే లోపల తడి ఉన్నట్టే, నూనెలో వేస్తే పైన మాడి లోపల రాయిలా మిగులుతాయి. శ్రావణ భాద్రపదాల్లో ఈ పని పెట్టుకోకండి, మన గాల్లో ఉండే తేమకి ఎండేలోగానే బూజు పడుతుంది. అప్పటిదాకా అన్నాన్ని ఫ్రీజర్లో ఆపుకోవచ్చు, మాఘమాసం ఎండల్లో ఒకేసారి పెట్టుకోవచ్చు.

చద్దన్నం, తరవాణి గురించి ఈమధ్య తెగ రాస్తున్నారు, మంచిదే. కానీ నీళ్ళు పోసి మజ్జిగ కలిపి పులియబెట్టిన అన్నం, గిన్నెలో మూతపెట్టి రాత్రంతా గట్టు మీద వదిలేసిన అన్నం ఒకటి కావు. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడే మునిగేలా కాచి చల్లార్చిన నీళ్ళు పోసి, రెండు గరిటెల మజ్జిగ, కాస్త ఉప్పు కలపాలి. మజ్జిగలోని సూక్ష్మజీవులు పులుపు పుట్టించి చెడ్డవాటిని అడ్డుకుంటాయి. ఉత్తినే వదిలేసిన అన్నంలో ఆ కాపలా ఉండదు. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి బీజాలు ఉడికినా చావవు, వెచ్చగా ఉంటే మొలుచుకొచ్చి విషం వదుల్తాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. "బాగా వేడిచేస్తే ఏం కాదులే" అనే మాట అందుకే అబద్ధం. పొద్దున్న గిన్నెలో జిగురు తీగలు సాగినా, గులాబీ మచ్చలో నల్ల మచ్చలో కనపడినా అది తిండి కాదు. సరిగ్గా పులిసినదానికి పుల్లటి కమ్మని వాసనే ఉంటుంది. నంజుకోవడానికి ఉల్లిపాయ, ఆవకాయ ముక్క చాలు. పసిపిల్లలకీ, ఒంట్లో బాగోలేనివాళ్ళకీ మాత్రం వద్దు.

తొక్కల సంగతికి వస్తే, బీరకాయ తొక్కు పచ్చడి అందరికీ తెలుసు, కానీ వారం పొడుగునా తొక్కలు పచ్చిగా ఫ్రీజర్లో పోగేసి ఆదివారం రుబ్బేవాళ్ళ పచ్చడి ఎప్పుడూ నీళ్ళోడుతూ ఉంటుంది. గడ్డకట్టినప్పుడు తొక్కలోని కణాలు పగిలి, కరిగాక నీరంతా వదిలేస్తుంది. ఏరోజు తొక్క ఆరోజే అర చెంచా నూనెలో పచ్చివాసన పోయేదాకా వేయించి పెట్టుకోండి. కప్పు వేగిన తొక్కకి చెంచాడు మినప్పప్పు, చెంచాడు శనగపప్పు, ఐదు ఎండుమిరపకాయలు, ఉసిరికాయంత చింతపండు, ఉప్పు. నీళ్ళు చుక్క కూడా పొయ్యకుండా, పప్పులు పంటికి తగిలేలా బరకగా నూరాలి. ఆనపకాయ తొక్క, దోసకాయ తొక్క కూడా ఇలాగే, అయితే వండేముందు కాయ ముక్క కొరికి చూడటం మర్చిపోకండి. ఆనప, బీర, దోస జాతి కాయ చేదుగా ఉంటే అది ఉడికించినా పోని విషం, వాంతులూ విరేచనాలతో ఆస్పత్రి పాలవుతారు. కాయకి కాయా, తొక్కకి తొక్కా మొత్తం పారెయ్యాలి. పచ్చబడ్డ బంగాళాదుంప తొక్క కూడా అంతే, దాన్ని పొదుపు లెక్కలోకి తేకండి. అరటికాయ తొక్క పసుపు వేసిన నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, పీచు గీకేసి సన్నగా తరిగితే వేపుడుకి బాగుంటుంది, తరిగిన వెంటనే మజ్జిగ నీళ్ళలో వెయ్యకపోతే నల్లబడుతుంది.

కొబ్బరి పాలు తీశాక పిప్పి పారేసేవాళ్ళు కోనసీమలోనే ఉన్నారంటే నమ్మబుద్ధి కాదు. ఒక కాయ పిప్పి కప్పుకి పైనే ఉంటుంది. సన్నసెగ మీద నూనె లేకుండా పది నిమిషాలు, పొడిపొడిగా అయ్యేదాకా కలుపుతూ వేయించి, ఎనిమిది వేగిన ఎండుమిరపకాయలు, చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు వేసి దంచితే కొబ్బరి కారం. బయట వారం కంటే ఉంచకండి, కొబ్బరిలో ఇంకా నూనె, తేమ మిగిలి ఉంటాయి కాబట్టి ముక్కవాసన వస్తుంది. మాగాయ చెక్కాక మిగిలిన టెంకలు కూడా ఫ్రీజర్లో హాయిగా ఉంటాయి, కప్పు కందిపప్పుకి మూడు టెంకలు, జీడి తీసేసి వెయ్యండి. బాగా పులిసిన ఇడ్లీ పిండికి రెండు కప్పులకి అర కప్పు బియ్యపు రవ్వ కలిపి ఇరవై నిమిషాలు నానబెడితే పులుపు తగ్గి దిబ్బరొట్టికి సరిగ్గా సరిపోతుంది. మందమైన ఇనుప మూకుడు, రెండు చెంచాల నూనె, మూత, సన్నసెగ, పావుగంట. సెగ పెంచితే కింద మాడి మధ్యలో పిండి పచ్చిగా ఉండిపోతుంది.

ఫ్రీజర్లో పెట్టకూడనివి కూడా ఉన్నాయి. బంగాళాదుంప కూర కరిగితే నీరు కారి స్పాంజిలా అవుతుంది, ఉడికించిన గుడ్డు తెల్లసొన రబ్బరవుతుంది, పెరుగు పచ్చడి విరుగుతుంది. పప్పు, పప్పుచారు, చేపల పులుసు, మాంసం కూర మాత్రం బాగానే నిలుస్తాయి. డబ్బాలో పైన వేలెడు ఖాళీ వదలాలి, లేకపోతే పులుసు గడ్డకట్టి పొంగి మూత లేపేస్తుంది. కరిగించేది రాత్రికి రాత్రి కింది అరలో, గట్టు మీద కాదు. తర్వాత బుడగలొచ్చేలా మరిగించాలి, గోరువెచ్చగా తింటే ప్రమాదం. ఒక్కసారి వేడిచేసింది ఆ పూటతో అయిపోవాలి.

"పూర్వం ఫ్రిజ్‌లెక్కడివి, వాళ్ళు తినలేదా" అని వాదించేవాళ్ళకి ఒక్క మాట. వాళ్ళు మిగిలినదాన్ని అలాగే తినలేదు. పులియబెట్టారు, ఎండబెట్టారు, ఉప్పులో వేశారు, చింతపండులో మరిగించారు. మనం ఆ పనులన్నీ మానేసి వదిలెయ్యడం ఒక్కటే వాళ్ళ దగ్గర నేర్చుకున్నాం. వండిన కూర 32 డిగ్రీలు దాటిన వేడిలో గంట దాటి బయట ఉండకూడదు, చల్లటి రోజుల్లోనైనా రెండు గంటలే. మన వైశాఖంలో వంటింటి వేడెంతో వేరే చెప్పాలా.

తుఫానుల సంగతి కూడా మనకి తప్పదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయిన ఇళ్ళల్లో ఫ్రీజర్లో ఉన్నదేం చెయ్యాలో తెలీక చాలామంది తికమకపడ్డారు. తలుపు తియ్యకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ దాదాపు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లగా ఉంటుంది. కింది ఫ్రిజ్ నాలుగు గంటలే. తుఫాను హెచ్చరిక రాగానే ఒక గ్లాసు నీళ్ళు గడ్డకట్టించి దాని మీద రూపాయి బిళ్ళ పెట్టి ఉంచండి. కరెంటొచ్చాక బిళ్ళ పైనే ఉంటే పదార్థాలు పెద్దగా కరగలేదు. అడుక్కి దిగి ఉంటే నీళ్ళు మొత్తం కరిగి మళ్ళీ గట్టిపడ్డాయి, అంటే చేపా మాంసమూ రొయ్యలూ పారెయ్యాల్సిందే.

అంతదాకా రాకుండా హెచ్చరిక వచ్చిన రోజే దప్పళం పెట్టెయ్యండి. ఫ్రీజర్లో ఉన్న గుమ్మడి ముక్కలు, ములక్కాడలు, కింది అరలో మూలనున్న ఆనపకాయ సగం, రెండు బెండకాయలు, చిలగడదుంప, అన్నీ కలిపి కిలో ముక్కలైతే నిమ్మకాయంత చింతపండు, రెండు చెంచాల బెల్లం, రెండు చెంచాల బియ్యప్పిండి. గుమ్మడి, దుంప ముందు, బెండకాయ చివర్లో, లేకపోతే ఒకటి ఉడక్కముందే ఇంకొకటి కరిగిపోతుంది. ముక్కలు ముప్పాతిక ఉడికాకే చింతపండు పులుసు పొయ్యాలి, ముందే పోస్తే పులుపుకి ముక్క బిగుసుకుని ఎంతసేపటికీ ఉడకదు. ఇంగువ పోపు పెట్టి మూతెయ్యండి. మగవాళ్ళకీ పిల్లలకీ వడ్డించి, ఇంటావిడ కూడా వాళ్ళతోపాటే కూర్చుని అదే గిన్నెలోంచి వేసుకోవాలి.