చంద్రభాగ మీద తెలంగాణ కరెంటు: లాహౌల్ లోయను అడిగిందెవరు?

2025 మార్చి 29న సిమ్లాలో హిమాచల్ ప్రదేశ్ ముఖ్యమంత్రి సుఖ్విందర్ సింగ్ సుఖూ, తెలంగాణ ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క సమక్షంలో ఒక అవగాహన ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం లాహౌల్-స్పితి జిల్లాలో 400 మెగావాట్ల సేలీ, 120 మెగావాట్ల మియార్ జలవిద్యుత్ ప్రాజెక్టులను తెలంగాణ కట్టుకుంటుంది. 40 ఏళ్లు నడుపుకొని హిమాచల్‌కు అప్పగిస్తుంది. ఆ 40 ఏళ్లలో హిమాచల్‌కు ఉచితంగా వెళ్లే విద్యుత్తు మొదటి 12 ఏళ్లు 12 శాతం, తర్వాతి 18 ఏళ్లు 18 శాతం, చివరి పదేళ్లు 30 శాతం. మన దగ్గర ఇది మెగావాట్ల లెక్కగా ఒకరోజు వార్తయి వెళ్లిపోయింది. ఆ నది ఒడ్డున ఎవరు బతుకుతున్నారు, వాళ్లను ఎవరు పాలిస్తున్నారు, ఈ ప్రాజెక్టు గురించి వాళ్లేమంటున్నారు అన్న చర్చ హైదరాబాద్‌లో పెద్దగా జరగలేదు. డబ్బు పెట్టేది తెలుగు ప్రజలు కాబట్టి ఆ చర్చ జరగాల్సింది ఇక్కడే.

లాహౌల్-స్పితి విస్తీర్ణం 13,800 చదరపు కిలోమీటర్లకు పైమాటే. మన ఉమ్మడి నెల్లూరు జిల్లా కంటే కొంచెం పెద్దది. 2011 జనాభా లెక్కల్లో అక్కడున్నది 31,564 మంది, చదరపు కిలోమీటరుకు ఇద్దరు. మన దగ్గర ఒక మండలంలో అంతకంటే ఎక్కువమంది ఉంటారు. ఐదింట నాలుగు వంతులకు పైగా షెడ్యూల్డ్ తెగలవారే. జిల్లా పేరులోనే రెండు లోయలున్నాయి. చంద్ర, భాగ నదులు తాండీ దగ్గర కలిసి చంద్రభాగగా, కిందికి వెళ్లాక చీనాబ్‌గా మారే లోయ లాహౌల్. తూర్పున కుంజుమ్ కనుమకు అవతల, సట్లెజ్‌లో కలిసే నది వెంట ఉన్నది స్పితి. జిల్లా కేంద్రం కేలాంగ్ నుంచి స్పితి ముఖ్య పట్టణం కాజాకు కుంజుమ్ మీదుగా 200 కిలోమీటర్లు కూడా లేదు. ఏడాదిలో సగం రోజులు ఆ కనుమ మంచులో మూసుకుపోతుంది. అప్పుడు కేలాంగ్‌లోని కలెక్టరు కాజా వెళ్లాలంటే మనాలీ దిగి, సిమ్లా చుట్టి, కిన్నౌర్ మీదుగా దాదాపు 700 కిలోమీటర్లు ప్రయాణించాలి. నీళ్లు ఒకవైపు పారవు, దారులు ఒకవైపు పోవు. అయినా ఇది ఒకే జిల్లా.

ఎందుకు ఒకే జిల్లా అయిందో తెలియాలంటే పాత సంగతి కొంత చెప్పుకోవాలి. స్పితి శతాబ్దాల పాటు లదాఖ్ పాలకుల కింద ఉంది. లాహౌల్ మొదట లదాఖ్‌ వైపు, పదిహేడో శతాబ్దం చివరి నుంచి కులూ రాజుల వైపు మొగ్గింది. 1840 ప్రాంతంలో సిక్కులు కులూను పట్టుకున్నారు. 1846లో మొదటి ఆంగ్లో-సిక్కు యుద్ధం ముగిశాక కులూ, లాహౌల్ బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చాయి. స్పితి మాత్రం జమ్మూ మహారాజు గులాబ్ సింగ్ వాటాలో ఉండగా, బ్రిటిష్ వాళ్లు మరోచోట భూభాగం ఇచ్చి దాన్ని మార్చుకున్నారు. పైరు అంతంతమాత్రంగా పండే ఆ మంచు ఎడారి మీద వాళ్లకు అంత మక్కువ ఎందుకంటే, టిబెట్‌లోని చాంగ్‌థాంగ్ నుంచి వచ్చే ఉన్నికి దారి కావాలి. ఆ దారిలో మరో రాజ్యం అడ్డు ఉండకూడదు. తీసుకున్న వెంటనే తొలి మూడేళ్ల శిస్తు వసూలును పొరుగున ఉన్న బుషహర్ సంస్థానపు వజీరు మన్సుఖ్ దాస్‌కు గుత్తకు ఇచ్చేశారు. లోయ మీద కొత్త ప్రభువుకున్న శ్రద్ధ ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

తర్వాతి పాలనా అదే ధోరణి. స్పితిలో నోనో అనే వంశపారంపర్య పెద్ద ఉండేవాడు. 1873 నాటి రెగ్యులేషన్ ఆయనకు హత్య మినహా మిగతా నేరాలన్నీ విచారించే అధికారం ఇచ్చింది. లాహౌల్‌లో ఆ పని ఠాకూర్ కుటుంబాలది. వారిలో ఒకరికి వజీరు హోదా ఉండేది. స్థానిక సంప్రదాయాన్ని గౌరవించారని దీన్ని మెచ్చుకునేవారు ఉన్నారు. నాకు మాత్రం ఇందులో గౌరవం కంటే పొదుపు ఎక్కువ కనిపిస్తుంది. ఖర్చు లేకుండా సరిహద్దు కాపలా జరగాలి, శిస్తు రావాలి, గొడవలు పైకి రాకూడదు. లాహౌల్‌కు కేలాంగ్ కేంద్రంగా ఒక ఉప తహసీలు దక్కింది 1941లోనే. అంటే దాదాపు వందేళ్ల బ్రిటిష్ పాలన చివర్లో.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇది పంజాబ్‌లోని కాంగ్డా జిల్లాలో కులూకు తోకగానే ఉండిపోయింది. 1960లో ఉన్నట్టుండి జిల్లా అయింది. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఉత్తర్‌ప్రదేశ్ కొండల్లో ఉత్తర్‌కాశీ, చమోలీ, పిథౌరాగఢ్ జిల్లాలు పుట్టాయి. మేలో హిమాచల్‌లో కిన్నౌర్ పుట్టింది. మూడు వేర్వేరు పాలనా ప్రాంతాల్లో, టిబెట్ సరిహద్దు పొడవునా, కొన్ని నెలల తేడాతో ఇన్ని జిల్లాలు ఏర్పడటం కాకతాళీయం కాదు. 1959లో దలైలామా భారత్‌కు వచ్చారు, చైనాతో సరిహద్దు వేడెక్కింది, ఢిల్లీకి అక్కడ కలెక్టర్లు కావలసి వచ్చారు. కుంజుమ్‌కు ఇవతలి లోయను, అవతలి లోయను ఒకే కచేరీకి కట్టేసింది ఆ అవసరమే. 1966లో పంజాబ్ విడిపోయినప్పుడు జిల్లా హిమాచల్‌లోకి వచ్చింది.

ఈ జిల్లాకు తర్వాత దక్కిన రక్షణలు కాగితం మీద గట్టివే. బయటి వాళ్లకు గిరిజన భూమి బదిలీ కాకుండా 1968లో హిమాచల్ ఒక చట్టం చేసింది. మన ఏజెన్సీ భూములను కాపాడే 1/70 చట్టానికి అన్న వరస అనుకోవచ్చు. 1975లో జిల్లా మొత్తాన్ని, గిరిజన ప్రాంతాల పాలనకు ప్రత్యేక ఏర్పాటున్న రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కిందికి తెచ్చారు. 1986లో పక్క చంబా జిల్లాలోని పాంగీ లోయలో మొదలుపెట్టిన ఏకగవాక్ష పాలనను 1988లో గిరిజన ప్రాంతాలన్నింటికీ విస్తరించారు. కాజాలో కూర్చునే అదనపు డిప్యూటీ కమిషనరు చేతిలో అన్ని శాఖల పగ్గాలూ ఉంటాయి. మంచు కురిసే వేళ సిమ్లా నుంచి ఫైలు వచ్చే దాకా ఆగనక్కర్లేదు. ఇది మంచి ఏర్పాటే. కాకపోతే నోనో కుర్చీలో ఇప్పుడు ఒక అధికారి కూర్చున్నాడు. నోనో అక్కడివాడు, అధికారి రెండు మూడేళ్లలో బదిలీ అయ్యేవాడు. ఎన్నికైన పంచాయతీకి ఆ అధికారంలో ఎంత వాటా అన్న ప్రశ్న అలాగే ఉంది.

నౌతోర్ గొడవ చూస్తే ఈ వాటా ఎంతో అర్థమవుతుంది. 20 బిఘాల (బిఘా అక్కడి భూమి కొలత) లోపు భూమి ఉన్న కుటుంబానికి ప్రభుత్వ భూమిలో కొంత సాగుకు ఇవ్వడాన్ని అక్కడ నౌతోర్ అంటారు. 1968 నుంచి నిబంధనలున్నాయి. 1980 అటవీ సంరక్షణ చట్టం వచ్చాక చెట్టు మొలవని రాతి నేల కూడా అడవి లెక్కలోకి పోయింది, పట్టాలు ఆగిపోయాయి. ఐదో షెడ్యూలు గవర్నరుకు ఇచ్చిన అధికారంతో గతంలో ఆ చట్టం అమలును గిరిజన ప్రాంతాల్లో కొంతకాలం నిలిపారు. గడువు తీరాక మళ్లీ నిలపాలని రాష్ట్ర మంత్రి జగత్ సింగ్ నేగీ రాజ్‌భవన్ తలుపు ఎన్నిసార్లు తట్టారో లెక్క లేదు. నాలుగు బంగాళాదుంప మళ్ల కోసం గవర్నరు సంతకం దాకా వెళ్లాల్సిన చోట, నదిని 40 ఏళ్లకు రాసిచ్చే ఒప్పందం ఒక్క పూటలో అయిపోయింది. అటవీ అనుమతులు దానికీ కావాలి, నిజమే. కానీ వాటి కోసం తిరగడానికి రెండు రాష్ట్ర ప్రభుత్వాలున్నాయి.

రాజకీయంగా ఈ లోయ బరువెంత? శాసనసభ నియోజకవర్గంలో ఓటర్లు పాతిక వేల దరిదాపుల్లో. లోక్‌సభకు వచ్చేసరికి 17 అసెంబ్లీ స్థానాలున్న మండీలో ఒక మూల. 2007లో మంచు భయంతో ఇక్కడ, కిన్నౌర్‌లో, భర్మౌర్‌లో నవంబరులోనే పోలింగ్ పెట్టి, మిగతా రాష్ట్రానికి డిసెంబరులో పెట్టారు. అలాంటి స్థానం 2024 ఫిబ్రవరిలో సిమ్లా ప్రభుత్వాన్నే కుదిపింది. రాజ్యసభ ఎన్నికలో ఆరుగురు కాంగ్రెస్ ఎమ్మెల్యేలు అడ్డం తిరిగితే, చెరో 34 ఓట్లతో సమానమై, చీటీ తీసి భాజపా అభ్యర్థిని గెలిచినట్టు ప్రకటించారు. ఆ ఆరుగురిలో ఒకరు లాహౌల్-స్పితి ఎమ్మెల్యే రవి ఠాకూర్. అనర్హత వేటు పడ్డాక ఆయన భాజపా టికెట్ మీద ఉప ఎన్నికలో నిలబడి మూడో స్థానానికి పోయారు. ఆ టికెట్ దక్కని భాజపా మాజీ మంత్రి రామ్‌లాల్ మార్కండా స్వతంత్రుడిగా రెండో స్థానంలో నిలిచారు. కాంగ్రెస్ నుంచి అనురాధా రాణా రెండు వేల లోపు తేడాతో గెలిచారు. 1972లో లతా ఠాకూర్ తర్వాత ఈ స్థానం నుంచి సభకు వెళ్లిన రెండో మహిళ ఆమె. మధ్యలో అరశతాబ్దం గడిచింది. ఓటరు తీర్పు ఇంత పదునుగా ఉన్నచోట ప్రాజెక్టుల గురించి వాళ్లకు అభిప్రాయం ఉండదనుకోవడం అవివేకం.

అభిప్రాయం ఉంది, చెబుతూనే ఉన్నారు. చంద్రభాగ మీద జలవిద్యుత్ ప్రాజెక్టులను లాహౌల్ పంచాయతీలు, మహిళా మండళ్లు ఏళ్లుగా వ్యతిరేకిస్తున్నాయి. పక్క జిల్లా కిన్నౌర్‌లో లిప్పా గ్రామం పోరాడితే, గ్రామసభను అడగాల్సిందేనని 2016లో జాతీయ హరిత ట్రైబ్యునల్ తీర్పు చెప్పింది. భయానికి కారణాలు కళ్లముందే ఉన్నాయి. 2021 జులైలో తోజింగ్ నాలాకు వచ్చిన మెరుపు వరద మనుషుల్ని ఊడ్చుకుపోయింది. లిండూర్ గ్రామంలో ఇళ్లు, పొలాలు 2023 నుంచి బీటలు వారుతున్నాయి. జహల్మా నాలా మోసుకొచ్చే రాళ్లూ మట్టీ చంద్రభాగకు అడ్డుపడి ఒడ్డు పొలాలను కోసేస్తున్నాయి. సిస్సు పైన గేపాంగ్ గథ్, ఇంకా ఎగువన సముద్ర తాపు హిమానీనద సరస్సులు పెరుగుతున్నాయి. రెండింటి నీళ్లూ చంద్ర నదిలోకే వస్తాయి, అక్కడి నుంచి సేలీ వైపే దిగుతాయి. 2021 ఫిబ్రవరిలో చమోలీలో, 2023 అక్టోబరులో సిక్కింలో కొండల పైనుంచి దూకిన వరద ప్రాజెక్టులను ఏం చేసిందో చూశాం. సిక్కింలో 1,200 మెగావాట్ల తీస్తా-3 ఆనకట్టే కొట్టుకుపోయింది.

సేలీకి జాతకం కూడా అంత బాగా లేదు. 2009లో దీన్ని ఒక ప్రైవేటు సంస్థకు కేటాయించారు. అది ముందస్తుగా 64 కోట్ల రూపాయలు కట్టింది, పని జరగలేదు, డబ్బు వెనక్కి ఇమ్మని కోర్టుకెక్కింది. హిమాచల్ ప్రభుత్వం చెల్లించకపోవడంతో 2024 నవంబరులో హైకోర్టు ఢిల్లీలోని హిమాచల్ భవన్ జప్తుకు అనుమతిచ్చింది. ఆ తర్వాత ఐదు నెలలు తిరగకుండానే అదే ప్రాజెక్టు తెలంగాణ చేతిలోకి వచ్చింది. వెనకటి మనిషి ఎందుకు వదిలి పోయాడో కనుక్కోకుండా ఇల్లు కొనేవాళ్లు ఉండరు.

లోయ సంగతి కాసేపు పక్కన పెట్టినా, మన లాభం వైపు నుంచి ఒక లెక్క ఉంది. తెలంగాణలో విద్యుత్ గిరాకీ పతాక స్థాయికి చేరేది యాసంగి వరికి బోర్లు ఆడే ఫిబ్రవరి, మార్చి నెలల్లో. 2025 మార్చిలో అది 17 వేల మెగావాట్లు దాటింది. ఆ నెలల్లో చంద్రభాగ ఇంకా మంచు కింద సన్నగా పారుతుంది. దాని ప్రవాహం ఉద్ధృతంగా ఉండేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా. వానలు బాగా పడిన ఏడాది ఆగస్టులో శ్రీశైలం, సాగర్ మనకు ఎలాగూ కరెంటు ఇస్తాయి. అవసరమైనప్పుడు రాని విద్యుత్తు కోసం రెండు వేల కిలోమీటర్ల అవతల కట్టే ప్రాజెక్టు ఎంతకు గిట్టుబాటవుతుందో నెలవారీ ఉత్పత్తి అంచనాతో శాసనసభ ముందు పెట్టాలి.

ఒప్పందం జరిగిన నెల లోపే మరో మలుపు వచ్చింది. పహల్గాం దాడి తర్వాత ఏప్రిల్ 23న కేంద్రం సింధు జలాల ఒప్పందాన్ని పక్కన పెట్టింది. చీనాబ్ నీళ్లు దేశభద్రత విషయమయ్యాయి. ఒకప్పుడు చాంగ్‌థాంగ్ ఉన్ని, తర్వాత టిబెట్ సరిహద్దు, ఆ తర్వాత లదాఖ్‌కు సైన్యం వెళ్లే దారి, ఇప్పుడు పాకిస్తాన్‌కు పోయే నీళ్లు. ఈ లోయ గురించి నిర్ణయం జరిగిన ప్రతిసారీ కారణం దాని బయటే ఉంది. 2020 అక్టోబరు 3న ప్రారంభమైన 9.02 కిలోమీటర్ల అటల్ సొరంగం లాహౌల్‌కు ప్రాణం పోసిన మాట నిజం. రోహ్తాంగ్ కనుమ మూసుకుపోతే రోగిని హెలికాప్టర్ కోసం రోజుల తరబడి కూర్చోబెట్టిన లోయ అది. సొరంగం వెంట పర్యాటకుల వరద కూడా వచ్చింది. దేవతల పండుగల రోజుల్లో సందర్శకులు రావద్దని సిస్సు చుట్టుపక్కల గ్రామాలు చలికాలంలో తీర్మానాలు చేసుకుంటున్నాయి. ఆదాయం పోతుందని తెలిసీ చేసుకుంటున్నాయి.

పోలవరం ముంపు పేరుతో 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు, అక్కడి ఆదివాసులను అడగలేదని తెలంగాణ గట్టిగా అభ్యంతరం చెప్పింది. అదీ ఐదో షెడ్యూలు ప్రాంతమే. నాడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాల్సిన స్థానంలో నేడు తెలంగాణే ఉంది. హిమాచల్ చెప్పిందని సర్దుకుపోతే సరిపోదు. అటవీ హక్కుల చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే పెసా చట్టం ప్రకారం లాహౌల్‌లోని ఉదయ్‌పూర్ చుట్టూ ఉన్న ప్రతి ఊరి గ్రామసభ తీర్మానం చేతికి వచ్చాకే పనులకు డబ్బు విడుదల కావాలి. సర్వే నివేదికలు, సరస్సుల ముప్పు అంచనాలు హిందీలో ముందే ఊళ్లకు చేరాలి. ఆ సభలు ఎప్పుడు పెడతారన్నదీ ముఖ్యమే. లాహౌల్ కుటుంబాల్లో చాలామందికి కులూలో రెండో ఇల్లు ఉంది, చలికాలం అక్కడే గడుపుతారు. జనవరిలో సభ పెడితే సంతకాలు చేయడానికి కార్యదర్శి తప్ప ఎవరూ ఉండరు. మే నెలలో, మళ్లలో బఠాణీ, దుంప పని ఊపందుకోక ముందు పెట్టాలి.