తప్పు స్వరాలు తీసేసిన మోక్షం

సంగీతానికి పట్టిన అసలు పీడ తప్పు స్వరాలు. సరళీ స్వరాలు మొదలుపెట్టిన రోజు నుంచీ గురువులందరూ తప్పు దిద్దుకో, మళ్ళీ పాడు అని ప్రాణం తీశారే గానీ, ఆ తప్పుల్ని వాయిద్యంలోంచే పీకి పారేస్తే పోతుందిగా అన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. హ్యాండ్‌పాన్ ఆ పని చేసి చూపించింది. రెండు ఉక్కు చిప్పల్ని అంచుల దగ్గర అతికించారు. పైచిప్ప నడుమ డింగ్ అనే పెద్ద స్వరం, దాని చుట్టూ ఏడో ఎనిమిదో స్వరాలు, కింద ఒక రంధ్రం, అంతే. అన్నీ ఒకదానితో ఒకటి పొసిగేవే కాబట్టి మీరు ఎక్కడ తట్టినా ధ్యానమే, మీ పిల్లాడు తట్టినా ధ్యానమే, పొరపాటున మోచెయ్యి తగిలితే అది లోతైన ధ్యానం.

బాగా అమ్ముడుపోయే డి కుర్ద్ రకాన్ని డింగ్ నుంచి లెక్కపెడితే మన నటభైరవి రాగం స్వరాలే వస్తాయి. గమకం, అంటే స్వరాన్ని వంచి ఊపడం, మాత్రం అడక్కండి, ఉక్కు వంగదు. రాగం మార్చాలనిపిస్తే ఇంకో హ్యాండ్‌పాన్ కొనుక్కోవాలి. మంచిది లక్షకు అటూ ఇటూ పలుకుతోంది గనక మన మూలరాగాలైన 72 మేళకర్తలకు సుమారు 72 లక్షలు. వైరాగ్యం కూడా ఈఎంఐలో దొరికే రోజులు కాబట్టి టెన్షన్ అక్కర్లేదు.

ఇది హిమాలయాల్లో ఏ రుషికో దొరికిందనుకునే భక్తులకు ఒక చేదు వార్త. పుట్టింది స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో, 2000లో. ట్రినిడాడ్ వాళ్ళు నూనె డ్రమ్ములు కోసి తయారుచేసిన స్టీల్‌పాన్ మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఫెలిక్స్ రోనర్, సబీనా షేరర్ దీన్ని తయారుచేసి 'హాంగ్' అన్నారు. అంతకు ముందటి ఏడు రెటో వెబర్ అనే స్విస్ వాద్యకారుడు మన ఘటం పట్టుకెళ్ళి, చేత్తో వాయించేలా ఇందులో కొన్ని స్వరాలు కూడా ఉంటే బాగుండునని వాళ్ళని అడిగాడు. అంటే మన మట్టికుండ బెర్న్ వెళ్ళి ఉక్కుగా మారి, రిషికేశ్‌లో యోగా మ్యాట్ పక్కకు తిరిగొచ్చింది, వచ్చేటప్పుడు ధర మార్చుకుని.

హాంగ్ తయారుచేసిన రోజుల్లో అది కావాలంటే డబ్బుంటే చాలేది కాదు, బెర్న్‌కు ఉత్తరం రాసుకోవాల్సి వచ్చేది. వాళ్ళు రమ్మంటేనే వెళ్ళాలి అన్నమాట. తిరుమల బ్రేక్ దర్శనానికి సిఫారసు లేఖ సంపాదించినవాళ్ళకు ఈ పద్ధతి సులువుగానే అర్థమవుతుంది. ఇలా అడిగినవాళ్ళందరికీ దొరక్కపోయేసరికి ఊరూరా ఇతరులు తయారీ మొదలుపెట్టి దానికి హ్యాండ్‌పాన్ అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరంటేనే అసలువాళ్ళకు గిట్టదు. చివరికి ఈ ప్రశాంతత మొత్తం లాయర్ల దగ్గరికి చేరింది, హాంగ్‌కు కాపీరైట్ రక్షణ ఉందని 2024లో బెర్న్ వాణిజ్య న్యాయస్థానం తేల్చింది. అహం వదిలెయ్యమని చెప్పే వాయిద్యం ఎవరిదన్న దానికి ఇంత గట్టి తగాదా జరగడం నాకైతే ముచ్చటగానే ఉంది.

దాని తయారీ కూడా చూడదగ్గదే. ఒక్కో స్వరంలో మూలం, దాని పైస్థాయి, ఆ పైన పంచమం, మూడూ కలిసేదాకా ఒక మనిషి చెవులకు మఫ్‌లు తగిలించుకుని ఉక్కును సుత్తితో బాదుతూనే ఉంటాడు. మన మౌనం కోసం అతని చెవులు.

ఇక 432 హెర్ట్జ్ సంగతి. లోకమంతా పాశ్చాత్యుల 'ఎ' స్వరాన్ని 440కి శ్రుతి చేసుకుంటుంటే, అరస్వరంలో మూడో వంతు దించి 432కి చేస్తే ప్రకృతితో లయమైపోతామని హీలర్ల మాట. రుజువేదీ అంటారా? రుజువు అడగడం ఒత్తిడి లక్షణం, ముందు పడుకుని కళ్ళు మూసుకోండి.

నా బాధల్లా ఘటం వాళ్ళ గురించే. ఇంత పెద్ద వ్యాపారానికి మూలకుండ వాళ్ళది, కచేరీలో మాత్రం ఇప్పటికీ మృదంగం పక్కన ఉపపక్కవాద్యం, తాళవాద్యాలు మాత్రమే వాయించే తనిలో అర మాత్ర తప్పితే ముందు వరసలోని పెద్దాయన తొడ మీద తాళం వేస్తూ కళ్ళెర్రజేస్తాడు. అందుకని సభల వాళ్ళకు నా సలహా ఇది: తనిని రద్దు చేసి దానికి 'సౌండ్ జర్నీ' అని పేరు పెట్టండి, కుర్చీలు తీసేసి మ్యాట్లు పరవండి, టికెట్ రెండు వేలు చెయ్యండి. తొడలు కొట్టుకునే పెద్దాయన్ని కూడా పడుకోబెట్టి కళ్ళకు గంతలు కట్టండి, చేతుల సంగతి తర్వాత చూద్దాం.