ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ వారికి ఒక స్లీపర్ క్లాసు ప్రయాణికుడి విన్నపం

మహారాజరాజశ్రీ ఓరియంట్ ఎక్స్‌ప్రెస్ వారి దివ్యసముఖానికి,

సైడ్ లోయర్ బెర్తు మీద మోకాళ్లు ముడుచుకుని పడుకోవడమే రాత్రి ప్రయాణమని నమ్మి పెరిగిన తెలుగువాడొకడు నమస్కరించి వ్రాసుకొనునది. ఉభయకుశలోపరి. పారిస్ నుంచి కాన్‌స్టాంటినోపుల్ దాకా నడిచిన విలాసాల రైలుబండి తమరు. అలాంటి తమరు కన్నుమూశారని కొన్నిసార్లు, పునర్జన్మ ఎత్తారని మరికొన్నిసార్లు పత్రికల రంగుల పుటల్లో చదివి, ఇంతకీ తమరు ఉన్నట్టా లేనట్టా అన్నది తేల్చుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

తమరి పుట్టుకే ఒక విశేషం. బెల్జియంలో లీజ్ నగరపు బ్యాంకర్ల ఇంటి బిడ్డ జార్జ్ నాగెల్‌మాకర్స్, చుట్టాల అమ్మాయిని ప్రేమించి, ఆ ప్రేమ ఫలించక, మనసు మళ్లించుకోవడానికి 1860ల చివర్లో అమెరికా వెళ్లాడని తమ చరిత్రకారులు చెబుతారు. మా వైపు ఇలాంటి సందర్భాల్లో గడ్డం పెంచుకోవడం ఆనవాయితీ. ఆయన మాత్రం అక్కడి రైలుపెట్టెల వ్యాపారి పుల్‌మన్ గారి స్లీపర్ పెట్టెల్లో తిరిగి, ఒకే హాలులో తెరల చాటున పదిమంది పడుకునే ఆ ఏర్పాటు యూరప్ దొరలకు సరిపడదని గ్రహించి, పడకగదులకు తలుపులు పెట్టించి, వాగాన్-లీ (పడక పెట్టెలు) అనే కంపెనీని నిలబెట్టాడు. తలుపు ఖరీదు ఎంతో అప్పుడే కనిపెట్టిన మనిషి ఆయన. బెల్జియం రాజు రెండవ లియోపోల్డ్ అండ కూడా దొరకడంతో, పరాయి దేశాల రైల్వేలతో ఒప్పందాలు చేసుకోవడం సులువైంది.

1883 అక్టోబరు 4న పారిస్‌లో తమరు అట్టహాసంగా బయలుదేరారు. పేరు ఓరియంట్, గమ్యం కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్); పత్రికా రచయితలూ పెద్దమనుషులూ అతిథులు. అయితే తమరు అక్కడికి వెళ్లలేదన్న సంగతి మాత్రం పండుగ హడావుడిలో మరుగున పడింది. రొమేనియాలోని జూర్జూ దగ్గర అతిథులందరినీ దింపి, డాన్యూబ్ నదిని దాటించి, బల్గేరియా ఒడ్డున రూసేలో వేరే బండి ఎక్కించి, వర్నా రేవులో ఓడలోకి మార్చి, నల్లసముద్రం మీదుగా చేర్పించారు. బండి మారకుండా నేరుగా ఆ నగరానికి తీసుకువెళ్లడం తమకు 1889లో గాని సాధ్యపడలేదు. పట్టాలు పడకముందే పేరు పెట్టి, పనులు నడుస్తుండగానే ప్రారంభోత్సవం జరిపించే విద్య మా నాయకుల సొంతమని ఇన్నాళ్లూ అనుకున్నాం. దానికి ఆద్యులెవరో ఇప్పుడు తెలిసింది.

తరువాత వైభవం నిజంగానే వచ్చింది, కాదనను. ప్రయాణికుడు పడుకునే ముందు పాస్‌పోర్టును పెట్టె అటెండరు చేతికిచ్చేస్తే, అర్ధరాత్రి దాటే సరిహద్దుల దగ్గర అధికారులతో ఆ తంటాలేవో అతడే పడేవాడు. దొరవారు లేచేసరికి దేశం మారిపోయి ఉండేది. బల్గేరియా రాజు బోరిస్‌కు రైళ్ల పిచ్చి. తన రాజ్యంలోకి తమరు రాగానే ఇంజను తానే నడుపుతానని పట్టుబట్టేవాడని చెబుతారు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకున్న ప్రయాణికులు అభ్యంతరం చెప్పినట్టు లేదు, రాజుగారు కదా.

నాకు అసూయ కలిగించేది ఇది కాదు. మీకు జరిగిన ప్రతి అవమానమూ అలంకారంగా మారిపోయే ఆ అదృష్టాన్ని చూస్తేనే కడుపు మండుతుంది. 1891లో ఇస్తాంబుల్‌కు పశ్చిమాన చెర్కెజ్‌కోయ్ దగ్గర దొంగలు పట్టాలు తప్పించి, ప్రయాణికులను ఎత్తుకుపోయి, డబ్బు వసూలు చేసుకుని వదిలారు. మరో బండికి అలా జరిగి ఉంటే విచారణ సంఘం వేసి, ఆ మార్గంలో రాత్రి ప్రయాణం ప్రమాదకరమని హెచ్చరించేవారు. మీకు జరిగింది కాబట్టి సాహసగాథ అయింది. 1929లో అదే చెర్కెజ్‌కోయ్ పరిసరాల్లో మంచులో కూరుకుపోయి సుమారు ఐదు రోజులు కదలకుండా నిలబడ్డారు. ఆ తరువాత 1934లో ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ, మంచులో ఆగిపోయిన తమరి పెట్టెలో ఒక హత్య జరిపించి నవలగా అచ్చు వేయించారు. మా బండి నాలుగు గంటలు ఆలస్యమైతే ప్లాట్‌ఫారం మీద బిస్కెట్ల కొట్టువాడు తప్ప లాభపడేవాడు ఉండడు. తమరి ఐదు రోజుల ఆలస్యం మీద మాత్రం ఇప్పటికీ కొన్ని కుటుంబాలు బతుకుతున్నాయి.

తమది కాని కీర్తి కూడా తమ ఖాతాలోనే జమ అవుతుంది. 1918 నవంబరు 11న ఫ్రాన్సులోని కంపియేన్ అడవిలో ఓడిన జర్మనీతో మొదటి ప్రపంచ యుద్ధవిరమణ పత్రం మీద సంతకాలు జరిగిన పెట్టె, 1940 జూన్‌లో హిట్లర్ పట్టుబట్టి అక్కడికే తెప్పించి ఫ్రాన్సు చేత తలవంచించిన ఆ పెట్టె, తమ కంపెనీ భోజనశాల పెట్టె మాత్రమే. అయినా తమరి పేరు వినగానే జనానికి ఆ సంతకాలు గుర్తుకు వస్తాయి, తమరు వద్దని చెప్పిన దాఖలా లేదు. మొదటి యుద్ధం ముగిశాక జర్మనీని తప్పించి ఆల్ప్స్ కొండల కింది సింప్లాన్ సొరంగం గుండా మిలాన్, వెనిస్ మీదుగా కొత్త దారి వేసి తమరిని నడిపిన వాళ్లు విజేతలు. రెండవ యుద్ధం తరువాత తమరి దారిలో ఇనుప తెర దించి, కమ్యూనిస్టు తూర్పు యూరప్‌ను పడమర నుంచి వేరు చేసిన వాళ్లూ విజేతలే.

ఇక అసలు విషయానికి వస్తాను. 1962లో తమరి దూర ప్రయాణాల సేవలను కుదించి, డైరెక్ట్ ఓరియంట్ అన్న పేరుతో ఒక బండిని మిగిల్చారు. ఆ పదిహేనేళ్ల గురించి తమరి వారసులు మాట్లాడటం అరుదు. ఎందుకంటే ఆ కాలంలో తమలో ఎక్కినవాళ్లు రాజులు, గూఢచారులు, వజ్రాలు ధరించిన నాట్యకత్తెలు కారు. పశ్చిమ యూరప్ కర్మాగారాల్లో పని దొరికిన యుగోస్లావులు, తురుష్కులు, వాళ్ల పక్కన జేబులో చిల్లర లెక్కపెట్టుకునే విద్యార్థులు. భోజనశాల పెట్టె కూడా లేకపోవడంతో తిండి మూటలు వెంట తెచ్చుకుని, సీటు దొరకని వాళ్లు నడవాలో సామాను మీదే కూర్చుని, రోజుల తరబడి ప్రయాణం చేశారు. తూర్పుకూ పడమరకూ మధ్య మనుషులను తీసుకువెళ్లడం అనే పనిని తమరు నిజంగా చేసింది అప్పుడే. సెలవులకు ఇంటికి పోయే కూలీకి ఆ బండి అవసరం. నల్ల కోటు దొరకు అది వినోదం. కాని తమరి చరిత్రలో దానికి పెట్టిన పేరు పతనం. 1977 మే నెలలో పారిస్ నుంచి ఆ బండి చివరిసారి బయలుదేరిన రాత్రి విలేకరులు కెమెరాలు పట్టుకుని వచ్చి, ఒక మహావైభవం ముగిసిందని కన్నీరు కార్చారు. ఆ వైభవం అప్పటికి ఎన్నో ఏళ్ల కిందటే దిగి వెళ్లిపోయింది. ఆ రాత్రి నిజంగా ఆగిపోయింది కూలీల బండి. దాని కోసం ఏడ్చినవారు కనబడరు.

అదే ఏడాది అక్టోబరులో మాంటే కార్లోలో తమరి పాత పెట్టెలను వేలం వేస్తే, జేమ్స్ షెర్‌వుడ్ అనే అమెరికన్ వ్యాపారి రెండు కొన్నాడు. తరువాత యూరప్ అంతా గాలించి మరిన్ని పోగుచేసి, బాగుచేయించి, 1982 మే 25న లండన్-వెనిస్ మార్గంలో తమరికి పునర్జన్మ ప్రసాదించాడు. ఆ ఏడాది జనవరి 26నే మా దేశంలో ప్యాలెస్ ఆన్ వీల్స్ కదిలింది. సంస్థానాధీశులూ వైస్రాయీ హైదరాబాద్ నిజామూ వాడిన పెట్టెలకు మెరుగులు దిద్ది విదేశీ యాత్రికులకు అప్పగించారు. రాజులు పోయాక రాజుల పెట్టెలకు గిరాకీ పెరుగుతుందన్న సూత్రం ఒకే ఏడాది రెండు ఖండాలకూ తట్టింది. ఈలోగా టైమ్‌టేబుల్‌లో తమరి పేరుతోనే మరో మామూలు రాత్రి బండి నడుస్తూనే ఉండేది. పారిస్-బుడాపెస్ట్ మార్గం కాస్తా వియన్నా వరకు కుదించుకుపోయి, చివరికి స్ట్రాస్‌బర్గ్-వియన్నాకు చిక్కి, 2009 డిసెంబరులో ఆగిపోయింది. అసలు వంశాంకురం అదే. అంత్యక్రియలకు మాత్రం విలేకరుల గుంపు రాలేదు.

షెర్‌వుడ్ పునర్జన్మనిచ్చిన తమరిలో ఇప్పుడు ఒక్క రాత్రికి మనిషికి లక్షల రూపాయలు. దానికి లభించేవి ఏమిటని ఆరా తీశాను. ఫ్రెంచి కళాకారులైన రెనే ప్రూ రూపొందించిన చెక్క నగిషీలు, రెనే లాలిక్ గాజు పలకలు అద్భుతం, ఒప్పుకుంటాను. పాత గదుల్లో స్నానానికి ఏర్పాటు లేదు, ముఖం కడుక్కునే తొట్టి ఉంది; మరుగుదొడ్డి పెట్టె చివర, అందరికీ ఉమ్మడిగా. వెచ్చదనం కోసం పెట్టె చివర బొగ్గు పొయ్యి రాజేస్తారు. అయ్యా, పెట్టె చివర మరుగుదొడ్డి అనే ఈ వైభోగాన్ని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో తరతరాలుగా అనుభవిస్తూ, అది వైభోగమని తెలియక రైల్వే మంత్రికి అర్జీలు పెట్టుకున్న అజ్ఞానులం మేము. తమరి దగ్గర జీన్సు వేసుకుంటే తప్పు కనుక, ఆ మరుగుదొడ్డి వరసలో సూటు తొడుక్కుని నిలబడాలన్నది ఒక్కటే తేడా. స్నానపు గదులతో పెద్ద గదులు కూడా ఈమధ్య పెట్టించారట. వాటి ధర చదివి పత్రిక మడిచేశాను.

తమరి పెట్టెలలో ఒకటి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఫ్రాన్సులోని లిమోజ్ పట్టణంలో వేశ్యాగృహంగా పనిచేసిందని తమవాళ్లే ముచ్చటగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, చరిత్ర దాచకూడదు. తమ చరిత్రలో వేశ్యాగృహానికి దొరికిన చోటు తిండి మూట తెచ్చుకున్న కూలీకి ఎందుకు దొరకలేదన్నదే నా సందేహం.

ఒకప్పుడు సుల్తాను సరిహద్దును కూడా ప్రయాణికుడి నిద్ర చెడకుండా దాటించిన తమరు, బ్రిటన్ యూరోపియన్ యూనియన్ విడిచిపోయాక పెరిగిన పాస్‌పోర్టు తనిఖీల ఇబ్బంది పడలేక 2023తో ఇంగ్లండ్ భాగాన్ని వదిలేసుకున్నారు. మరోవైపు తమరి పేరు పెట్టుకున్న వేరొక బండి 2025 నుంచి రోమ్‌లో బయలుదేరి ఇటలీలోనే చుట్టి తిరిగి రోమ్‌కు వస్తోంది. ఓరియంట్ అంటే తూర్పు కదా అని అడగబోయి, ఆ పేరుతో హోటలు కూడా తెరిచారనీ తెరచాపల ఓడ కూడా కట్టించారనీ తెలిసి నోరు మూసుకున్నాను. రైలు పేరు ఓడకు పెట్టడం వింతే గాని, తొలి యాత్ర అతిథులు కాన్‌స్టాంటినోపుల్‌లో దిగింది ఓడలోంచే కనుక, వంశాచారానికి కట్టుబడి ఉన్నది ఆ ఓడ ఒక్కటే.

చివరిగా ఒక మనవి. తమరి గదుల్లో పెట్టే ఆ అందమైన చరిత్ర పుస్తకంలో 1962 నుంచి 1977 దాకా ఒక అధ్యాయం వేయించండి. అందులో నడవాలో కూర్చున్నవాళ్లు ఏ ఊళ్లకు పోయారో, మూటల్లో ఏం తెచ్చుకున్నారో, జీతం ఎంత మిగిల్చి ఇంటికి పంపారో రాయించండి. ఇస్తాంబుల్‌లోనూ బెల్‌గ్రేడ్‌లోనూ చెప్పడానికి మనుషులు ఇంకా మిగిలే ఉంటారు. రాసేవాడికి ఎంత గొప్ప పారితోషికం ఇచ్చినా తమరి ఒక గది ఒక రాత్రి అద్దెను మించదు.

ఇట్లు,
తమరి టిక్కెట్టు కొనే ఉద్దేశమూ స్తోమతా లేని,
వెయిటింగ్ లిస్టు ప్రయాణికుడు